సెవెన్ సీటర్ కొంటున్నారా? వెనక సీటు నుంచి మొదలుపెట్టండి

ఏడు సీట్ల బండిని చాలామంది రెండు సీట్ల బండిలా చూసి కొంటారు. డ్రైవర్ సీట్లో తాము, పక్కన సేల్స్ కుర్రాడు, మినీ బైపాస్ మీద ఒక రౌండ్. ఏసీ చల్లగా ఉంది, స్టీరింగ్ తేలిగ్గా తిరుగుతోంది, "బాగుందబ్బా బండి" అనుకుని అడ్వాన్స్ కట్టేస్తారు. ఆ బండికి అసలు పని పడేది తర్వాత. అమ్మానాన్న, పిల్లలు, అత్తమామలు, రెండు సూట్‌కేసులు, ఒక బియ్యం బస్తా వేసుకుని మే నెలలో ఒంగోలు నుంచి చెన్నై బయల్దేరిన రోజున తెలుస్తుంది అది ఎట్టాంటి బండో. ఆ సంగతి కొనక ముందే తెలుసుకునే పద్ధతి ఇది. మారుతి ఎర్టిగా, కియా కారెన్స్, రెనో ట్రైబర్, టొయోటా ఇన్నోవా, ఏదైనా సరే పద్ధతి మారదు.

1. ముందు ఇంట్లో కూర్చుని లెక్క వేయండి

ఒక కాగితం మీద మూడు విషయాలు రాసుకోండి. ఏడుగురూ కలిసి ఏడాదిలో ఎన్నిసార్లు వెళ్తారు? వెనక వరుసలో కూర్చునేది ఎవరు, పిల్లలా, పెద్దలా? బండి ఎక్కువగా తిరిగేది ఎక్కడ, ఊళ్లోనా, హైవే మీదా, ఘాట్‌లోనా?

సంక్రాంతికీ, ఒకటి రెండు పెళ్లిళ్లకూ తప్ప వెనక వరుస అవసరం పడదనుకుంటే ట్రైబర్ లాంటి చిన్న బండి చాలు. దాని మూడో వరుస సీట్లు పూర్తిగా ఊడదీసి ఇంట్లో పెట్టేయొచ్చు, అప్పుడు డిక్కీ 625 లీటర్లు అవుతుంది. వారం వారం కుటుంబమంతా కదిలే ఇల్లయితే, అంటే శనివారం రాగానే మాలకొండ గుడో, పెంచలకోన గుడో అనే ఇల్లయితే, లెక్క వేరు. అక్కడ వెనక వరుస అలంకారం కాదు, రోజువారీ సీటు.

ఇంకో లెక్క కూడా. "మనకు అవసరం లేనప్పుడు అద్దెకు తిప్పుకుందాంలే" అన్న ఆలోచన ఉంటే ఇప్పుడే తేల్చుకోండి. వైట్ బోర్డు బండిని, అంటే సొంత వాడకానికి రిజిస్టరైన బండిని, కిరాయికి తిప్పడం చట్టవిరుద్ధం. దారిలో ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ కొట్టేయడానికి అదొక్కటి చాలు.

2. గేటు కొలవండి

నవ్వకండి. ఇన్నోవా క్రిస్టా పొడవు 4735 మిల్లీమీటర్లు, వెడల్పు 1830. ఆ వెడల్పులో సైడ్ అద్దాలు కలవవు. ఎర్టిగా పొడవు దాదాపు 4400, వెడల్పు 1735. ట్రైబర్ నాలుగు మీటర్లకు సెంటీమీటరో ఒకటిన్నరో తక్కువ. పాత ఇళ్లున్న వీధుల్లో గేటు దాటడం కంటే వీధిలోంచి గేట్లోకి తిరగడం కష్టం. టేపు తీసుకుని పార్కింగ్ స్థలం, గేటు వెడల్పు, గేటుకి ఎదురుగా ఉన్న గోడ దాకా దూరం, మూడూ కొలిచి రాసుకోండి. బండి పెట్టాక వెనక డిక్కీ తలుపు పూర్తిగా పైకి లేవడానికి గోడకీ బండికీ మధ్య చోటు కావాలి. దాన్ని అందరూ మర్చిపోతారు.

3. షోరూమ్‌లో ముందు మూడో వరుస ఎక్కండి

డ్రైవర్ సీటు ఎక్కడికీ పోదు. ఇంట్లో వెనక కూర్చోబోయే మనిషినే వెంట తీసుకెళ్లండి. అవ్వ కూర్చుంటుందంటే అవ్వనే, రోజూ కట్టుకునే చీరతోనే.

ఎక్కడం ఎలా ఉంటుందో దగ్గరుండి చూడండి. రెండో వరుస సీటు పక్కన లీవరు లాగితే వీపు ముందుకి మడుచుకుని సీటు జరుగుతుంది. కొన్ని బండ్లలో ఒక బటన్ నొక్కితే చాలు. లీవరయితే అది ఎంత గట్టిగా ఉంది, అమ్మ ఒక చేత్తో లాగగలదా? సీటు జరిగాక మిగిలే సందు ఎంత? ఆ సందులో కింద సీటు పట్టాలు పైకి కనబడుతుంటాయి. చీర కుచ్చిళ్లు పట్టుకునేది అక్కడే, చెప్పు తట్టుకునేది అక్కడే. పట్టుకోవడానికి పైన పిడి ఉందా అని కూడా చూడండి. దిగడం ఎక్కడం కంటే కష్టం కాబట్టి దిగేటప్పుడు సాయం చేయకుండా ఒకసారి గమనించండి.

మధ్య వరుసలో రెండు విడి సీట్లున్న ఆరు సీట్ల రకం తీసుకుంటే నడుమ దారి దొరుకుతుంది, ఈ లీవరు గొడవ ఉండదు. కానీ ఒక సీటు పోతుంది. ఇంట్లో ఆరుగురే అయితే నా ఓటు దానికే.

కూర్చున్నాక చూడాల్సింది తొడల కింద. మూడో వరుసలో నేల ఎత్తుగా, సీటు కిందికి ఉంటుంది. దానివల్ల మోకాళ్లు పైకి లేచి తొడలు సీటుకి ఆనవు, బరువంతా నడుము మీద పడుతుంది. షోరూమ్‌లో రెండు నిమిషాలకి ఏమీ తెలియదు, కావలి దాటేసరికి నడుము చెబుతుంది. అందుకని కనీసం పావుగంట అక్కడే కూర్చోబెట్టండి. సేల్స్ కుర్రాడు కాఫీ తెస్తాడు, తాగండి, లేవకండి. ఈలోగా మీరు వెళ్లి మధ్య సీట్లో మీకు హాయిగా ఉండేలా వెనక్కి జరిపి కూర్చోండి. మధ్య సీటు బాగా ముందుకు జరిపి "చూడండి సార్, వెనక ఎంత చోటుందో" అనడం వాళ్లకి అలవాటే. అప్పుడు మధ్యలో కూర్చునేవాడి మోకాళ్లు ముందు సీటుకి తగులుతుంటాయి. ముగ్గురూ ముందు, మధ్య, వెనక ఒకేసారి కూర్చుని, ముగ్గురికీ కుదిరితేనే అది సెవెన్ సీటర్.

తల వెనక చూడండి. హెడ్‌రెస్ట్‌కీ వెనక అద్దానికీ మధ్య ఎంత దూరం ఉంది? చిన్న బండ్లలో ఇది చాలా తక్కువ. పిల్లల్ని కూర్చోబెట్టేది అక్కడే కాబట్టి ఇది హాయి సంగతే కాదు, భద్రత సంగతి కూడా. మూడో వరుసలో ఇద్దరికీ భుజం మీదుగా వచ్చే సీట్ బెల్టులున్నాయా, అవి పిల్లాడి మెడకి రాసుకోకుండా ఉన్నాయా, పెట్టించి చూడండి.

4. ఏసీని మధ్యాహ్నం రెండింటికి పరీక్షించండి

ఉదయం పదింటికి టెస్ట్ డ్రైవ్ ఇస్తామంటారు. వద్దనండి. మన ఎండకి ఏ కంపెనీ బ్రోషరూ సమాధానం చెప్పదు. రోహిణి కార్తెలో నెల్లూరు, ఒంగోలు ఎలా ఉంటాయో మీకు చెప్పాలా? బండిని అరగంట ఎండలో నిలబెట్టమని అడగండి. తర్వాత అందరూ ఎక్కి, ఏసీ ఫుల్ పెట్టి, వెనక కూర్చున్నవాళ్లు "ఇప్పుడు చల్లగా వచ్చింది" అని చెప్పేదాకా టైం చూడండి.

మూడో వరుసకి వేరే గాలి రంధ్రాలున్నాయా, లేక రెండో వరుస పైనుంచి వచ్చే గాలే వెనక్కి చేరాలా? బ్లోయర్ స్పీడు వెనక వాళ్లే మార్చుకోగలరా? వెనక చల్లదనం రావాలంటే ముందు ఫుల్ స్పీడు పెట్టాల్సి వస్తుందా? అలా అయితే ముందు కూర్చున్న నాన్నకి చలి, వెనక మనవడికి చెమట, ప్రయాణమంతా అదే పంచాయితీ. ఇంకో చిన్న సంగతి, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వెనక గాలి వేడెక్కుతోందా చూడండి. పొద్దున పది గంటల డ్రైవ్‌లో ఇవేవీ బయటపడవు.

5. నింపి నడపండి

ఖాళీ బండి నడిపి పికప్ బాగుందనడం దండగ. ఎర్టిగా లాంటి బండి ఖాళీగా ఉన్నప్పుడు ఎంత బరువో, అనుమతించిన గరిష్ఠ బరువు ఎంతో మాన్యువల్లో ఉంటుంది. ఆ తేడా సుమారు 600 కిలోలు. ఏడుగురు పెద్దలెక్కితే 450 నుంచి 500 కిలోలు వాళ్లే. లగేజీకి మిగిలేది నూట చిల్లర. అంటే నిండిన బండి ఖాళీ బండి కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు. పికప్, బ్రేకు, సస్పెన్షన్ మూడూ వేరే బండివైనట్టే ఉంటాయి.

కాబట్టి ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లండి. "అంతమందా సార్?" అంటారు. కొనేది ఏడు సీట్లు, ఏడుగురం వచ్చాం అని చెప్పండి. ఒప్పుకోకపోతే ఆ షోరూమ్ వదిలేసి ఇంకో ఊరి షోరూమ్‌లో అడగండి.

దారి మీరే ఎంచుకోండి. నెల్లూరు వాళ్లయితే ఊళ్లో ఒక రద్దీ రోడ్డు, తర్వాత హైవే, తర్వాత పొదలకూరు వైపో ఆత్మకూరు వైపో మామూలు రోడ్డు. ఒంగోలు వాళ్లకి చీమకుర్తి దాటి పొదిలి వైపు వెళ్లే రోడ్డును మించింది లేదు. గ్రానైట్ లారీలు, దుమ్ము, ఊరూరా స్పీడ్ బ్రేకర్లు, అన్నీ ఒకే చోట దొరుకుతాయి.

ఆ రోడ్డు మీద చూడాల్సింది ఓవర్‌టేకింగ్. ఆరు లైన్ల హైవే మీద ఏ బండైనా బాగానే పోతుంది. రెండు లైన్ల రోడ్డు మీద బండరాయి మోసుకెళ్తున్న లారీ వెనక నలభై స్పీడులో ఉండి, ఎదురు ఖాళీ దొరికినప్పుడు ఎనభైకి ఎంతలో చేరుతుందన్నదే అసలు పికప్. ఏసీ ఆన్‌లోనే ఉంచండి. గేరు ఎన్ని తగ్గించాల్సి వచ్చింది, ఇంజన్ ఎంత అరిచింది, పక్కన కూర్చున్న మీ ఆవిడ డ్యాష్‌బోర్డు పట్టుకుందా లేదా, అన్నీ గమనించండి.

తేడా ఎందుకొస్తుందో అంకెల్లోనే ఉంది. ఎర్టిగా పెట్రోల్ ఇంజన్ దాదాపు 137 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే లాగే బలం, ఇస్తుంది, అదీ ఇంజన్ నిమిషానికి 4000 చుట్లు (ఆర్‌పీఎం) దాటాకే. కారెన్స్ డీజిల్ 250 ఇస్తుంది, 1500 ఆర్‌పీఎం నుంచే. క్రిస్టా డీజిల్ 343, అది 1400 నుంచే. అంటే డీజిల్ బండి లోడుతో ఉన్నా ఆ గేరులోనే లాగేస్తుంది. పెట్రోల్ బండిలో గేరు తగ్గించి ఇంజన్‌ని పరిగెత్తించాలి. ఓపికగా నడిపేవాళ్లకి అదేమీ లోపం కాదు. తొందరపడే చేతికి మాత్రం టెన్షన్.

స్పీడ్ బ్రేకర్ల దగ్గర ఒక పని చేయండి. మూడో వరుసలో మీరే కూర్చుని, ఇంకొకరికి స్టీరింగ్ ఇవ్వండి. వెనక చక్రాలు సరిగ్గా మీ కిందే ఉంటాయి. ముందు వాళ్లకి చిన్న కుదుపు, మీకు తల పైకప్పుకి తగిలేంత ఎగురుడు. బ్రేకర్ దాటాక బండి ఒక్క ఊపుతో ఆగకుండా మళ్లీ ఊగుతోందంటే వెనక స్ప్రింగులు లోడుకి బాగా మెత్తనైనట్టు. దబ్బున ఒక్క దెబ్బతో ఆగితే గట్టిగా ఉన్నట్టు. రెండూ బాధే, కానీ మెత్తటిది ఘాట్‌లో వాంతులు తెప్పిస్తుంది. కింద నేలకి రాసుకున్న శబ్దం వస్తే ఆ బ్రేకర్ దగ్గరే దిగి, ఏది తగిలిందో వంగి చూడండి.

టెస్ట్ బండి టైర్లలో గాలి ఎంతుందో ముందే చూసుకోండి. డ్రైవర్ డోర్ తీస్తే పక్కన స్టిక్కర్ మీద ఖాళీ బండికి ఎంత, నిండు బండికి ఎంత అని వేర్వేరుగా రాసి ఉంటుంది. తక్కువ గాలితో మెత్తగా అనిపించేలా చేసిన బండిని చూసి మోసపోకండి.

ఘాట్ కుదిరితే వదలకండి. మాలకొండ ఘాట్ రోడ్డు చిన్నదే కానీ చాలినంత పరీక్ష పెడుతుంది. శనివారం మాత్రం వెళ్లకండి, గుడి తెరిచేది ఆ ఒక్కరోజే, బండ్ల మధ్య ఇరుక్కుంటారు. నెల్లూరు వైపు రాపూరు నుంచి చిట్వేలు వెళ్లే ఘాట్, ప్రకాశం వైపు గిద్దలూరు నుంచి నంద్యాల దారి, దోర్నాల నుంచి శ్రీశైలం దారి ఉన్నాయి. షోరూమ్ బండిని అంతదూరం ఇవ్వరు, దానికి ఉపాయం కింద చెబుతాను. ఎక్కేటప్పుడు మలుపులో ఆపి మళ్లీ కదిలించండి, బండి వెనక్కి జారకుండా పట్టుకునే హిల్ హోల్డ్ ఉందో లేదో అక్కడే తెలుస్తుంది. దిగేటప్పుడు రెండో గేరులో బ్రేకు తొక్కకుండా ఎంతవరకు వేగం ఆగుతుందో చూడండి. ఆటోమేటిక్ అయితే కింది గేరు మనమే వేసుకునే వీలుందా అని అడగండి.

6. డిక్కీలో మీ సామాన్లే పెట్టి చూడండి

లీటర్లలో చెప్పే లెక్క ఎవరికీ బుర్రకెక్కదు. మూడో వరుస వాడుతుండగా ఎర్టిగాలో మిగిలేది 209 లీటర్లు, కారెన్స్‌లో 216, ట్రైబర్‌లో 84, ఇన్నోవా హైక్రాస్‌లో 300. సరే, దాంట్లో ఏం పడుతుంది? ఇంట్లోంచి ఒక పెద్ద సూట్‌కేసు, ఒక చిన్న బ్యాగు తీసుకెళ్లి పెట్టి చూడండి. చెన్నైలోనో హైదరాబాద్‌లోనో పిల్లలుంటే, నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి పోయే ఏ బండైనా ఉత్తిచేతులతో పోదు. ఇరవై ఐదు కిలోల బియ్యం సంచి, పచ్చడి జాడీలు, సీజన్లో ఉలవపాడు మామిడి పెట్టె. ఇవన్నీ వెనక చక్రాల ఇరుసు అవతల బరువు, బండి తోక కిందికి దిగుతుంది. రాత్రి హెడ్‌లైట్లు చెట్ల మీదికి కొడుతుంటే కారణం అదే. లైట్ల ఎత్తు తగ్గించే చిన్న చక్రం డ్యాష్‌బోర్డు మీద ఉందా చూడండి.

సీఎన్‌జీ రకం తీసుకుంటే సిలిండర్ డిక్కీలో కూర్చుంటుంది. మూడో వరుస నిండా మనుషులుంటే లగేజీ పైన క్యారియర్ మీదికే. పికప్ కూడా తగ్గుతుంది, ఎర్టిగాకి పెట్రోల్ మీద 100కు పైగా ఉండే పవర్ సీఎన్‌జీ మీద 88 పీఎస్. రోజూ ఒంటరిగా వంద కిలోమీటర్లు తిరిగే మనిషికి సీఎన్‌జీ బంగారం. ఏడుగురి ప్రయాణానికి నేనైతే తీసుకోను.

స్టెప్నీ ఎక్కడుందో అడగండి. ఎర్టిగా, ఇన్నోవాల్లో అది బండి కిందే వేలాడుతుంది. డిక్కీలోంచి రాడ్డు దూర్చి తిప్పితే గొలుసు మీద కిందికి దిగుతుంది. షోరూమ్ కుర్రాడి చేత ఒకసారి దింపించండి. ఆ రాడ్డు దూర్చే చోటుకి చేరాలంటే డిక్కీలో సామాను ఎంత తీయాలో అప్పుడు అర్థమవుతుంది. కొత్తపట్నం, మైపాడు లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి ఆ గొలుసు తుప్పు పట్టి బిగుసుకుంటుంది. సర్వీసుకి ఇచ్చినప్పుడల్లా దానికి గ్రీజు పెట్టమని చెప్పాలి.

7. ఇంజన్ ఏది?

ఊళ్లోనే ఎక్కువ తిరిగితే పెట్రోల్. రోజూ ఐదారు కిలోమీటర్లు తిప్పి ఆపేసే ఇంటికి ఇప్పటి పొగ నిబంధనల (బీఎస్6) డీజిల్ పనికిరాదు. దాని సైలెన్సర్ దారిలో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది, అది తనంతట తాను కాలి శుభ్రపడాలంటే హైవే మీద కాసేపు నిలకడగా పోవాలి. పోకపోతే డ్యాష్‌బోర్డు మీద లైటు, తర్వాత వర్క్‌షాపు. నెలకి రెండు మూడు సార్లు చెన్నై, విజయవాడ తిరిగేవాళ్లకి డీజిల్ హాయి.

పెట్రోల్ ఇంజన్‌తో పాటు బ్యాటరీ మోటారు కూడా ఉండే హైక్రాస్ స్ట్రాంగ్ హైబ్రిడ్‌కి కంపెనీ చెప్పే మైలేజ్ లీటరుకి 23.24 కిలోమీటర్లు. ఊళ్లో ఆగి ఆగి పోయేటప్పుడే దాని లాభం ఎక్కువ, ధర కూడా ఎక్కువే. ఎలక్ట్రిక్ కారెన్స్ క్లావిస్ పెద్ద బ్యాటరీకి ఒక ఛార్జి మీద 490 కిలోమీటర్లని చెబుతారు. నెల్లూరు నుంచి చెన్నై పోయి రావడం 350 చిల్లర. ఏడుగురు, ఏసీ, వంద స్పీడు కలిస్తే ఆ 490 నిలబడదు, కాబట్టి దారిలో ఛార్జర్ ఎక్కడో చూసుకున్నాకే అడుగేయండి.

8. స్టార్ రేటింగ్ చూడండి, అది చెప్పనిదీ చూడండి

కార్లని గుద్దించి చూసి భద్రతకి స్టార్లిచ్చే మన దేశపు పరీక్ష భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబర్ నుంచి నడుస్తోంది. మీ మోడల్‌కి ఎన్ని స్టార్లో షోరూమ్ మాట వినకుండా మీరే వెతికి చూసుకోండి. అందులో చేసేది ముందు నుంచి 64 కిలోమీటర్ల వేగంతో, పక్క నుంచి 50 వేగంతో గుద్దించే పరీక్షలు, స్తంభానికి పక్కగా తగిలించే పరీక్ష. వెనక నుంచి గుద్దించి చూడరు. మూడో వరుస గురించి కాబట్టి ఆ స్టార్లు చెప్పేది తక్కువ, పైన చెప్పిన హెడ్‌రెస్టూ బెల్టూ మీ కళ్లతోనే చూసుకోవాలి.

9. కొనబోయే బండినే ముందు అద్దెకు తీసుకోండి

ఘాట్‌కి ఉపాయం ఇదే. మీరు చూస్తున్న మోడల్ దాదాపు ప్రతి ట్రావెల్స్ దగ్గరా ఉంటుంది. శ్రీశైలమో తిరుపతో ఎటూ వెళ్లేదే కదా, ఆ బండే కావాలని అడిగి కిరాయికి మాట్లాడండి. అడవి దారిలో రాత్రి గేటు మూసేస్తారు కాబట్టి దోర్నాల పగలే దాటేలా బయల్దేరండి. పోతూ అమ్మానాన్నని వెనక, వస్తూ మిమ్మల్ని వెనక.

డ్రైవర్‌తో మాట కలపండి. షోరూమ్‌లో ఎవరూ చెప్పని నిజాలు టీ తాగుతూ అతనే చెబుతాడు. "అన్నా, లోడు మీద మైలేజ్ ఎంతొస్తది? క్లచ్ ఎంతకి మార్చావు? ఏసీ ఎప్పుడైనా పాడైందా?" లక్ష దాటిన బండి నడిపే మనిషి మాటకి బ్రోషర్ కంటే విలువెక్కువ. ఒకటి గుర్తుంచుకోండి, టాక్సీలకి 80 దాటకుండా స్పీడ్ గవర్నర్ ఉంటుంది. హైవే మీద పికప్ గురించి ఆ బండిని బట్టి తీర్పు చెప్పకండి.

10. రేటు, కాగితాలు

2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ బండికి 18 శాతం. ట్రైబర్ అందులోకి వస్తుంది. ఎర్టిగా, కారెన్స్, ఇన్నోవా 40 శాతంలో. ఎలక్ట్రిక్‌కి 5. ఆన్‌రోడ్ కొటేషన్ తీసుకునేటప్పుడు లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, ఎక్స్‌ట్రా ఫిట్టింగులు విడివిడిగా రాయించుకోండి. ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరే తీసుకోవాలన్న రూలు లేదు, బయట రేటు కనుక్కుని చూపిస్తే తగ్గిస్తారు. ఇంజన్ ప్రొటెక్షన్ మాత్రం చేర్పించండి. వానొస్తే అండర్‌బ్రిడ్జిల కింద నీళ్లు నిలిచే నెల్లూరులో ఇంజన్లోకి నీళ్లు పోతే మామూలు పాలసీ ఆ ఖర్చు ఇవ్వదు. హ్యాండ్లింగ్ చార్జీ అని ఒక వరుస కనబడితే కొట్టేయమనండి.

సొంత బండికి ఫాస్టాగ్ ఏడాది పాస్ ఉంది, 2025 ఆగస్టులో మొదలైనప్పుడు దాని ధర 3000 రూపాయలు, జాతీయ రహదారుల మీద 200 టోల్ దాటింపులదాకా లేదా ఏడాదిదాకా పనిచేస్తుంది. వెంకటాచలం, టంగుటూరు టోల్ తరచూ దాటేవాళ్లు డెలివరీ రోజే తీసుకోవచ్చు. ఆ రోజే బండి తయారైన నెల ఏదో ఛాసిస్ నంబర్‌తో చూపించమనండి, జాకీ, రాడ్డు, స్టెప్నీ ఉన్నాయో లేదో చూసుకుని, మూడో వరుస సీట్లు రెండుసార్లు మడిచి తెరిచి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.